చలికాలం చుట్టాల లెక్క

కార్తీక మాసం వచ్చింది. తెల్లవారుజామున చలి మొదలైంది. మీరు నీళ్లకో, పొలానికో చెరువు గట్టు మీదుగా పోతున్నారు. నీళ్ల మీద నల్లగా చుక్కలు చుక్కలుగా ఏవో తేలుతున్నాయి. నిన్న సాయంత్రం అక్కడ ఏమీ లేవు. దగ్గరికి పోతే గుంపంతా ఒక్కసారి లేచింది. రెక్కల చప్పుడు జల్లెడలో బియ్యం పోసినట్టు వినిపించింది.

అవి బాతులు. మన పెంపుడు బాతులు కావు. అడవి బాతులు. రాత్రికి రాత్రి వచ్చి దిగాయి.

ఎక్కడి నుంచి వచ్చాయి? ఎందుకు వచ్చాయి? వాటిని ఎవరు లెక్కపెడుతున్నారు? ఆ లెక్కతో మనకేం పని? ఈ పాఠంలో చెప్పుకుందాం.

ఎవరీ చుట్టాలు?

కోతలు అయ్యాక పొలాల్లో బాతుల మందలు మేపడం మీరు చూసే ఉంటారు. కాపరులు కర్ర పట్టుకుని ఊరూరా తోలుకుపోతారు. ఆ బాతులు నడిచి వస్తాయి. మనం చెప్పుకునే బాతులు ఎగిరి వస్తాయి. కొన్ని 4 వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వస్తాయి.

వీటిలో చాలా రకాలు ఉన్నాయి. కొన్నిటిని సులువుగా గుర్తుపట్టవచ్చు.

సూదితోక బాతు: మగదాని తోక సూదిలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మెడ తెల్లగా ఉంటుంది.

గరిటెముక్కు బాతు: ముక్కు చివర వెడల్పుగా గరిటెలా ఉంటుంది. ఆ ముక్కుతో నీళ్లు జల్లించి తిండి తింటుంది.

తెల్లకనుబొమ్మ బాతు: చిన్న బాతు. మగదానికి కంటి మీద తెల్లని చార ఉంటుంది.

పట్టెతల బాతు: పెద్ద బాతు. తెల్లని తల మీద రెండు నల్లని పట్టెలు ఉంటాయి. ఇది హిమాలయ పర్వతాలు దాటి వస్తుంది. కొన్ని బాతులు 7 వేల మీటర్ల కంటే ఎత్తున ఎగిరినట్టు తెలిసింది. అక్కడ మనిషికి ఊపిరి ఆడదు.

జక్కవ: ఇటుక రంగులో ఉంటుంది. కథల్లో, పద్యాల్లో వినే జక్కవల జంట ఇదే. చక్రవాకం అన్నా ఇదే. ఇది కూడా చలికాలంలో వచ్చే చుట్టమే.

అన్ని అడవి బాతులూ వలస రావు. ఈల వేసినట్టు అరిచే బాతు ఒకటి ఉంది. అది ఏడాది పొడుగునా మన దగ్గరే ఉంటుంది. ఇక్కడే పిల్లలు చేస్తుంది. అది చుట్టం కాదు, ఇంటి మనిషి.

కొన్ని చోట్ల అడవి బాతులన్నిటినీ కలిపి పరజలు అంటారు. మీ ఊళ్లో ఏమంటారు? పెద్దవాళ్లను అడగండి. పుస్తకం పేరు కంటే మీ ఊరి పేరే మీకు బాగా గుర్తుంటుంది.

ఎందుకు వస్తాయి?

మన దేశానికి ఉత్తరాన హిమాలయాలు ఉన్నాయి. వాటి అవతల టిబెట్ ఉంది. ఇంకా పైకి పోతే మంగోలియా, కజకిస్తాన్, సైబీరియా ఉన్నాయి. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకడతాయి. నీళ్లు రాయిలా అవుతాయి.

బాతు తిండి నీళ్లలోనే ఉంటుంది. నాచు, గింజలు, చిన్న నత్తలు, పురుగులు తింటుంది. నీళ్లు రాయి అయితే ఏం తింటుంది? అందుకే ఆకలి తోలుకొస్తే దక్షిణానికి వస్తుంది. ఒట్టి చలికే అయితే ఓర్చుకుంటుంది. దాని ఈకల కింద మెత్తని దూది లాంటి నూగు ఉంది. కానీ ఆకలికి ఓర్చుకోలేదు.

మన దగ్గర చలికాలంలో చెరువులు నిండుగా ఉంటాయి. వానాకాలం నీళ్లు నిలిచి ఉంటాయి. కోసిన పొలంలో రాలిన గింజ ఉంటుంది. అందుకని అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి తిరుగు ప్రయాణం కడతాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలో జరుగుతుంది కదా! దాదాపు ఆ రోజుల్లోనే కొల్లేటి బాతులు మూట సర్దుకుంటాయి.

ఇక్కడ ఒక పొరపాటు మాట సరిచేసుకుందాం. "ఆ బాతులు మన చెరువులో గుడ్లు పెట్టడానికి వస్తాయి" అని చాలామంది అంటారు. అది నిజం కాదు. గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు మన చెట్ల మీద గూళ్లు కడతాయి. వలస బాతులు అలా కాదు. అవి ఉత్తరాన వాటి ఊళ్లోనే గుడ్లు పెడతాయి. అక్కడ ఎండాకాలంలో పగలు చాలా పొడుగ్గా ఉంటుంది. పిల్లలకు పురుగులు బాగా దొరుకుతాయి.

ఆడబాతు నేల మీద గడ్డిలో గూడు చేస్తుంది. తన రొమ్ము మీది నూగు తానే పీకి గూట్లో పరుస్తుంది. ఏడెనిమిది గుడ్లు పెడుతుంది. చాలా రకాల్లో మగబాతు వెళ్లిపోతుంది. ఆడబాతు ఒక్కతే పొదుగుతుంది. ఒక్కతే పిల్లలను నీళ్లకు తీసుకుపోతుంది.

అంత దూరం ఎగరడానికి బలం ఎక్కడిది? గుడ్లు పెట్టే శక్తి ఎక్కడిది? చలికాలంలో తిన్న తిండితోనే ఆ ప్రయాణం మొదలవుతుంది. మన చెరువులో తిండి దొరికితే బలంగా పోతుంది. దొరకకపోతే నీరసంగా పోతుంది. దారిలో చచ్చిపోవచ్చు. చేరినా గుడ్లు తక్కువ పెట్టవచ్చు. అంటే ఎక్కడో మంగోలియాలో పుట్టే పిల్లకు మన ఊరి చెరువుతో సంబంధం ఉంది.

ఈ సంగతి ఎలా తెలిసింది?

బాతు తన ఊరు చెప్పదు కదా! మరి ఎలా తెలిసింది?

డెన్మార్క్ అనే దేశంలో ఒక బడిపంతులు ఉండేవాడు. పేరు మోర్టెన్సెన్. 1899లో ఆయన కొన్ని పిట్టలను పట్టుకున్నాడు. వాటి కాళ్లకు తేలికైన అల్యూమినియం కడియాలు వేశాడు. కడియం మీద అంకె, చిరునామా రాశాడు. పిట్టలను వదిలేశాడు. ఆ పిట్ట ఎక్కడ దొరికితే అక్కడి వాళ్లు చదివి ఉత్తరం రాస్తారు. అలా పిట్ట ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

మన దేశంలో ఈ పని బొంబాయిలోని ప్రకృతి చరిత్ర సంఘం 1927లో మొదలుపెట్టింది. ఆ తర్వాత పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ ఈ పనిని బాగా పెంచాడు. వేల వేల పక్షులకు కడియాలు వేశారు. ఇక్కడ కడియం వేసిన బాతు సైబీరియాలో దొరికింది. అలా దారులు తెలిశాయి.

ఇప్పుడు ఇంకో పద్ధతి కూడా వచ్చింది. బాతు వీపు మీద చిన్న పరికరం కడతారు. అది సూర్యుడి వెలుగుతో నడుస్తుంది. బాతు ఎక్కడుందో ఆకాశంలోని ఉపగ్రహం ద్వారా తెలుస్తుంది.

చూశారా! కడియం మీద అంకె చదవగలిగిన మనిషి ఉంటేనే ఆ పని సాగింది. చదువు రాని చేతికి కడియం దొరికితే అది ఒట్టి లోహపు ముక్కే. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఎప్పుడైనా కడియం ఉన్న పక్షి కనిపిస్తే అంకె, అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. రోజు, ఊరు పేరు రాయండి. అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. బతికున్న పక్షి కాలి కడియం తియ్యకండి.

లెక్క ఎందుకు?

ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో చూసుకోకపోతే ఏమవుతుంది? ఒక రోజు డబ్బా అడుగు కనిపిస్తుంది. అప్పుడు చూసి లాభం లేదు. ముందే చూసుకుంటే జాగ్రత్త పడవచ్చు. బాతుల లెక్క కూడా అంతే.

మన దేశంలోనూ, చుట్టుపక్కల దేశాల్లోనూ ప్రతి జనవరిలో నీటి పక్షుల లెక్క జరుగుతుంది. ఇది 1987లో మొదలైంది. ఇందులో జీతగాళ్లు కొద్దిమందే. పంతుళ్లు, విద్యార్థులు, పక్షులంటే ఇష్టం ఉన్నవాళ్లు, అటవీ శాఖ వాళ్లు కలిసి చేస్తారు.

జనవరిలోనే ఎందుకు? అప్పటికి రావలసిన బాతులన్నీ వచ్చేస్తాయి. తిరుగు ప్రయాణం ఇంకా మొదలు కాదు. అన్నీ ఒక చోట కుదురుగా ఉంటాయి.

అన్ని దేశాల వాళ్లూ ఒకే రోజుల్లో ఎందుకు లెక్కపెట్టాలి? ఇది ముఖ్యమైన సంగతి. జాగ్రత్తగా చదవండి.

మన చెరువులో పోయిన ఏడు 500 బాతులు ఉన్నాయి అనుకుందాం. ఈ ఏడు 200 ఉన్నాయి. మిగిలిన 300 ఏమయ్యాయి? చచ్చిపోయాయా? పక్క చెరువుకు పోయాయా? అసలు ఇంత దూరం రాకుండా దారిలోనే ఆగిపోయాయా? మన చెరువు ఒక్కటే చూస్తే తెలియదు. పక్క ఊళ్లోనూ, పక్క రాష్ట్రంలోనూ, పక్క దేశంలోనూ అదే వారంలో లెక్కపెడితే తెలుస్తుంది. పక్క చెరువులో 300 పెరిగితే బాతులు చోటు మారాయి. ఎక్కడా పెరగకపోతే బాతులు నిజంగా తగ్గిపోయాయి. మొదటిది అయితే మన చెరువును బాగు చేసుకోవాలి. రెండోది అయితే 30 దేశాలు కలిసి ఆలోచించాలి. ఉత్తర మంచు సముద్రం నుంచి హిందూ మహాసముద్రం దాకా ఈ వలస దారి మీద 30 దేశాలు ఉన్నాయి.

ఎలా లెక్కపెడతారు?

"వేల బాతులు కదులుతూ ఉంటే ఎవరు లెక్కపెడతారమ్మా?" అని మీకు అనిపించవచ్చు. దానికి ఒక ఒడుపు ఉంది. ఆ ఒడుపు మీకు ఇదివరకే వచ్చు.

కల్లంలో ధాన్యం రాశి చూసి మీరు ఎన్ని బస్తాలో చెబుతారు. గింజ గింజ లెక్కపెట్టరు. ఒక బస్తా ఎంత ఉంటుందో కంటికి తెలుసు. అలాంటివి ఎన్ని పడతాయో చూస్తారు. బాతుల లెక్కకూ ఇదే పద్ధతి.

ముందు 10 బాతులను ఒకటొకటిగా లెక్కపెట్టాలి. ఆ పది ఎంత చోటు పట్టాయో చూసుకోవాలి. అలాంటి ఐదు చోట్లు కలిపితే 50. ఆ 50 గుంపు ఎంత ఉందో కంటితో కొలిచి పెట్టుకోవాలి. ఇప్పుడు చెరువంతా చూడాలి. అలాంటి గుంపులు ఎన్ని ఉన్నాయి? 12 ఉన్నాయి అనుకుందాం.

50 × 12 = 600

చెరువులో సుమారు 600 బాతులు ఉన్నాయి. ఒకరు లెక్కపెట్టాక ఇంకొకరు మళ్లీ లెక్కపెడితే మంచిది. ఇద్దరి లెక్కకూ తేడా ఎక్కువ వస్తే మళ్లీ చూడాలి.

ఇంకొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. పొద్దున్నే పోవాలి. ఎండ మన వీపు మీద పడేట్టు నిలబడాలి. అప్పుడు రంగులు బాగా కనిపిస్తాయి. గుంపును లేపకూడదు. కుక్కను వెంట తీసుకుపోకూడదు. ప్రతి ఏడూ అదే చోట నిలబడి లెక్కపెట్టాలి. అప్పుడే పోయిన ఏటితో పోల్చుకోవచ్చు.

బాతులు ఒక్కటి కూడా లేకపోతే? "లేవు" అని ఊరుకోకూడదు. తేదీ వేసి సున్నా రాయాలి. సున్నా కూడా లెక్కే. రాయకపోతే ఆ ఏడు ఎవరూ చూడలేదని అనుకుంటారు. సున్నా రాస్తే, చూశారు కానీ బాతులు రాలేదు అని తెలుస్తుంది.

కాలం మారుతోంది

"మా చిన్నప్పుడు ఇంత ఎండలు లేవు" అని పెద్దవాళ్లు అంటారు. ఆ మాట నిజం. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చితే పొగ వస్తుంది. ఆ పొగలోని కొన్ని వాయువులు కంటికి కనిపించవు. అవి భూమి చుట్టూ దుప్పటి కప్పినట్టు పేరుకుంటాయి. వేడిని బయటికి పోనివ్వవు. భూమి వేడెక్కుతోంది. ఉత్తరపు మంచు ప్రాంతం మిగతా భూమి కంటే చాలా తొందరగా వేడెక్కుతోంది.

దీని వల్ల బాతులకు ఏమవుతుంది?

ఒకటి. ఉత్తరాన మంచు ముందే కరుగుతోంది. పురుగులు ముందే పుడతాయి. బాతు పిల్లలు పుట్టేసరికి పురుగుల కాలం దాటిపోవచ్చు.

రెండు. ఎండలు ముదిరి మధ్య ఆసియా గడ్డి భూముల్లో కొన్ని చెరువులు ఎండిపోతున్నాయి. గుడ్లు పెట్టే చోటు తగ్గుతోంది. దారిలో దిగి అలుపు తీర్చుకునే చోటు కూడా తగ్గుతోంది.

మూడు. కొన్ని చోట్ల చలికాలంలో నీళ్లు గడ్డకట్టడం ఆలస్యం అవుతోంది. ఐరోపాలో ఇది బాగా కనిపించింది. ఫిన్లాండ్ అనే చలిదేశంలో ఇదివరకు చలికాలంలో బాతులు కొద్దిగానే ఉండేవి. 1980ల తర్వాత అక్కడ కొన్ని రకాలు బాగా పెరిగాయి. దక్షిణాన ఉన్న దేశాల్లో అవే రకాలు తగ్గాయి. బాతులు చావలేదు. నీళ్లు గడ్డకట్టలేదు కాబట్టి ఉత్తరానే ఆగిపోయాయి. ఈ సంగతి ఎలా తెలిసింది? అన్ని దేశాలూ ప్రతి జనవరిలో లెక్క రాశాయి కాబట్టి తెలిసింది.

నాలుగు. మన దగ్గర వానల తీరు మారింది. పడితే ఒకేసారి కుండపోతగా పడుతుంది. లేదా నెలల తరబడి పడదు. జనవరికే చెరువు ఎండితే బాతులకు చోటు లేదు. మరీ లోతుగా నిండినా చోటు లేదు. ఎందుకంటే చాలా బాతులు మునిగి ఈదవు. తల నీళ్లలో ముంచి, తోక పైకి లేపి అడుగున ఉన్న తిండి తింటాయి. వాటికి జానెడు, మూరెడు లోతు నీళ్లే కావాలి.

కొల్లేరు కథ

కృష్ణా, గోదావరి నదుల నడుమ కొల్లేరు సరస్సు ఉంది. బుడమేరు, తమ్మిలేరు దీనిలో కలుస్తాయి. నిండిన నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి పోతుంది. కొల్లేరు లోతు తక్కువ. విశాలం ఎక్కువ. సరిగ్గా బాతులకు కావలసిన చోటు.

తర్వాత సరస్సులో చేపల చెరువులు తవ్వారు. ఎత్తుగా గట్లు వేశారు. నీటిని లోతుగా నిలబెట్టారు. మిగిలిన చోట గుర్రపుడెక్క కమ్ముకుంది. లోతు నీళ్లలో బాతుకు తిండి అందదు. గుర్రపుడెక్క మధ్య దిగడానికి నీళ్లే కనిపించవు. బాతుల చోటు తగ్గిపోయింది.

1999లో ప్రభుత్వం కొల్లేరును పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. అది 308 చదరపు కిలోమీటర్లు. 2002లో కొల్లేరు ప్రపంచ ముఖ్య చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఇరాన్ దేశంలో రామ్‌సర్ అనే ఊరు ఉంది. అక్కడ 1971లో దేశాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందం కింద తయారైన జాబితా ఇది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు చాలా వరకు కొట్టేశారు. తర్వాత కొన్ని చోట్ల మళ్లీ గట్లు లేచాయి.

ఇక్కడ ఒక కష్టమైన మాట ఉంది. దాన్ని దాచుకోకూడదు. గట్లు కొట్టినప్పుడు చెరువుల మీద కూలి చేసుకునే ఆడవాళ్లకు పని పోయింది. "బాతులకు ఉన్న విలువ మాకు లేదా?" అని వాళ్లు అడిగితే ఏం చెప్పాలి? ఆ ప్రశ్న న్యాయమైనదే. బాతులను కాపాడాలంటే అక్కడి మనుషుల కూడూ చూడాలి. పెద్ద చెరువులు వేసినవాళ్లు వేరు. వలతో, మావుతో చేపలు పట్టుకుని బతికేవాళ్లు వేరు. ఇద్దరినీ ఒకే గాట కట్టకూడదు.

రెండో మాట కూడా ఉంది. కొల్లేరు బాతుల కోసమే కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. మీలో కొందరు ఆ నీళ్లలో నిలబడి ఉంటారు. ఆ బుడమేరు నీళ్లు చివరికి చేరవలసిన చోటు కొల్లేరే. విశాలమైన సరస్సు వరదను తనలో దాచుకుంటుంది. మెల్లగా సముద్రానికి వదులుతుంది. గట్లు కట్టి సరస్సును ఇరుకు చేస్తే నీళ్లు ఎక్కడికి పోతాయి? పొలాల మీదికి, ఇళ్ల మీదికి వస్తాయి. వేసవిలో సరస్సులో మంచినీరు తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది. బావి నీళ్లు చప్పన పోయి ఉప్పన అవుతాయి.

అంటే బాతులకు మంచి సరస్సు మనకూ మంచి సరస్సే. బాతుల లెక్క తగ్గితే సరస్సుకు జబ్బు చేసిందని అర్థం. జ్వరం వచ్చిందో లేదో చెయ్యి పెట్టి చూస్తాం కదా! బాతుల లెక్క అలాంటిది.

వేటగాళ్లు కాపలాదార్లు అయ్యారు

ఒడిశాలో చిలికా సరస్సు ఉంది. దాని ఒడ్డున మంగళజోడి అనే ఊరు ఉంది. ఒకప్పుడు ఆ ఊరి వాళ్లకు పక్షుల వేట పెద్ద ఆదాయం. విషం పెట్టి, వలలు వేసి పట్టేవారు. గుడ్లు కూడా అమ్మేవారు. పక్షులు కొన్ని వేలకు తగ్గిపోయాయి. ఇక వేటాడడానికి కూడా ఏమీ మిగలదని తెలిసింది.

2000 సంవత్సరం ప్రాంతంలో ఊరివాళ్లు మారారు. పక్షులను కాపాడే సంఘం పెట్టుకున్నారు. వేటాడిన చేతులే కాపలా కాశాయి. పక్షి ఎక్కడ దిగుతుందో, ఎప్పుడు లేస్తుందో వేటగాడికే బాగా తెలుసు. ఆ తెలివి ఇప్పుడు కాపలాకు పనికొచ్చింది. పక్షులు మళ్లీ వచ్చాయి. చూడడానికి జనం వచ్చారు. ఊరివాళ్లు పడవలు నడిపి, పక్షుల పేర్లు చెప్పి డబ్బు సంపాదించుకుంటున్నారు.

2025 జనవరిలో చిలికా అంతా లెక్కపెడితే 11 లక్షలకు పైగా పక్షులు ఉన్నాయి. అందులో బాతులు చాలా ఎక్కువ.

కర్ణాటకలో గదగ్ జిల్లాలో మాగడి చెరువు ఉంది. అక్కడికి ప్రతి ఏడూ వేల పట్టెతల బాతులు వస్తాయి. చుట్టూ పొలాలు ఉన్నాయి, ఊళ్లు ఉన్నాయి. 2024లో ఆ చెరువు కూడా ప్రపంచ జాబితాలో చేరింది. అంటే పెద్ద సరస్సే కావాలని లేదు. ఊరి చెరువు కూడా గొప్పదే.

మనం ఏం చేయగలం?

1. చెరువులో పూడిక తీసే పని వచ్చినప్పుడు ఒక మాట అడగండి. చెరువంతా నిట్టనిలువుగా తవ్వవద్దు. ఒక వైపు ఏటవాలుగా వదలండి. అక్కడ నీళ్లు పల్చగా నిలుస్తాయి. బాతులు మేస్తాయి. పశువులూ సులువుగా దిగి తాగుతాయి. నీళ్లకు దిగిన పిల్లలకు కూడా అపాయం తక్కువ.

2. గుర్రపుడెక్క పెరిగితే తీయించమని గ్రామసభలో అడగండి. కొద్దిగా ఉన్నప్పుడే తీయడం సులువు.

3. బాతులను వేటాడడం నేరం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఈ మాట చెబుతోంది. కొందరు పురుగుమందు కలిపిన గింజలు చల్లి బాతులను పడతారు. ఆ మాంసం తిన్నవాళ్లకూ ప్రమాదమే. సంతలో అడవి బాతు మాంసం చవగ్గా వచ్చినా కొనకండి.

4. దాళ్వా నాట్లలో బాతులు దిగి మొక్క తొక్కుతాయని రైతులు బాధపడతారు. అది నిజమైన బాధే. మెరిసే రిబ్బన్లు కట్టండి. డప్పు కొట్టి లేపండి. విషం మాత్రం పెట్టకండి. ఆ విషం మీ కోళ్లనూ చంపుతుంది.

5. ఒకేసారి చాలా పక్షులు చచ్చి కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి. పిల్లలను దగ్గరికి పోనివ్వకండి. పశువుల డాక్టరుకు, అటవీ శాఖకు వెంటనే చెప్పండి. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సు దగ్గర 18 వేలకు పైగా పక్షులు చచ్చిపోయాయి. బురదలో పుట్టే ఒక సూక్ష్మజీవి విషమే దానికి కారణం. చచ్చిన పక్షికి పురుగులు పడతాయి. ఆ పురుగుల్లో విషం ఉంటుంది. వాటిని తిన్న పక్షులు కూడా చస్తాయి. చచ్చిన వాటిని త్వరగా తీసి పాతిపెడితే ఆ గొలుసు తెగుతుంది. తొందరగా కబురు చేసే మనిషి ఉంటే వేల ప్రాణాలు దక్కుతాయి.

6. మీ పెంపుడు కోళ్లు, బాతులు అడవి బాతులతో కలిసి మేయకుండా చూసుకోండి. ఒకదాని జబ్బు ఇంకొకదానికి అంటుతుంది.

7. లెక్క రాయండి. ఒక నోటు పుస్తకం చాలు. సంఘం సమావేశంలో పొదుపు లెక్క రాస్తున్నారు కదా! అదే పుస్తకంలో చివరి పేజీ బాతులకు ఇవ్వండి.

ఒక పేజీ ఇలా గీసుకోండి

తేదీ:
చెరువు పేరు:
లెక్కపెట్టిన సమయం:
నీళ్లు ఎంత ఉన్నాయి? (నిండుగా / సగం / అడుగున)
సూదితోక బాతులు:
గరిటెముక్కు బాతులు:
పేరు తెలియని బాతులు:
మొత్తం:
లెక్కపెట్టినవారి సంతకం:

కింద సంతకం పెట్టడం మరిచిపోకండి. వేలిముద్ర కాదు, సంతకం. ఐదేళ్లు ఇలా రాస్తే మీ ఊరి చెరువు గురించి మీ దగ్గర ఉన్న సంగతి ఏ ఆఫీసులోనూ ఉండకపోవచ్చు. చెరువును ఎవరైనా పూడుస్తామని వస్తే ఆ పేజీలు చూపించవచ్చు. "ఇక్కడ ఏమీ లేదు, బీడు చెరువు" అని వాళ్లు అంటే "ఇదిగో లెక్క" అని మీరు అనవచ్చు.

వచ్చే కార్తీకానికి మళ్లీ చుట్టాలు వస్తాయి. అవి ఏ దేశపు సరిహద్దూ అడగవు. నీళ్లు ఉన్నాయా, తిండి ఉందా అని మాత్రమే చూస్తాయి. ఇంటికి వచ్చిన చుట్టానికి మొదట నీళ్లే కదా ఇస్తాం!

కొత్త మాటలు

వలస: బతుకుతెరువు కోసం ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడం. మనుషులూ పోతారు, పక్షులూ పోతాయి.
అభయారణ్యం: జంతువులకు, పక్షులకు భయం లేకుండా కాపాడే చోటు.
చిత్తడి నేల: ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లు పల్చగా నిలిచే నేల.
ఉపగ్రహం: భూమి చుట్టూ తిరుగుతూ కబుర్లు పంపే యంత్రం.

చెప్పండి చూద్దాం

1. వలస బాతులు మన చెరువులో గుడ్లు పెడతాయా?
2. అన్ని దేశాల వాళ్లూ ఒకే రోజుల్లో ఎందుకు లెక్కపెడతారు?
3. 50 బాతుల గుంపులు 9 ఉంటే మొత్తం ఎన్ని?
4. బాతులు లేనప్పుడు సున్నా ఎందుకు రాయాలి?

మాట్లాడుకోండి

చేపల చెరువులో కూలికి పోయే అక్క ఒకరు మీ సంఘంలో ఉన్నారు. "సరస్సు బాగుపడితే నా పని పోతుంది" అంటున్నారు. ఆమెకు న్యాయం జరగాలి. సరస్సూ మిగలాలి. ఎలా? అందరూ కలిసి ఆలోచించండి. మీకు తోచిన మాటలు నాలుగు వాక్యాల్లో రాయండి.